ప్లస్ 2 అంది, దారి మాత్రం లేదు

నిన్న రాత్రి కడపలో మా మేడ మీద మామతో ఆడిన చెస్ ఆట డ్రా అయింది. నాకు 2 బంట్లు ఎక్కువ. తర్వాత ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌కి పెడితే ప్లస్ 2, అంటే నాదే బాగా పైచేయి అని చూపించింది. గెలిచే ఆట వదిలేశానా అని నిద్ర పట్టలేదు.

పొద్దున మళ్ళీ చూశాను. నా బిషప్ తెల్ల గడులది, మామది నల్ల గడులది. మామ రాజు నల్ల గడిలో నా బంటుకు అడ్డంగా కూర్చున్నాడు. ఆ గడిని నా బిషప్ ఎప్పటికీ తాకలేదు! 20 ఎత్తులు నడిపినా అంకె ప్లస్ 2 దగ్గరే, ఆట కూడా అక్కడే.

రాజులతో కలిపి 7 పావుల్లోపయితే 2018లో పూర్తయిన సిజిజీ టేబుల్‌బేస్, అంటే ప్రతి స్థితికీ ఫలితం ముందే లెక్కగట్టి పెట్టిన పట్టిక, గెలుపో డ్రానో కచ్చితంగా చెప్పేస్తుంది. మా బోర్డు మీద 10 ఉన్నాయి. అక్కడ ఇంజిన్‌ది అంచనానే. మామ మాత్రం రాత్రే అన్నాడు, "ఇంక దారి లేదబ్బీ" అని.