మేనత్త జబ్బు లెక్కలోకి రాదన్నారు

నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు "అమ్మకి గానీ అక్కచెల్లెళ్లకి గానీ ఉందా?" అని అడిగారు మొదటి డాక్టరు. లేదు, మా మేనత్త 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది అన్నాను. "నాన్న వైపుది లెక్కలోకి రాదమ్మా" అనేశారు. ఆ మాట మీద నా కోపం ఇంకా చల్లారలేదు. లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు రెండున్నాయి: బీఆర్‌సీఏ1 17వ క్రోమోజోమ్ మీద, బీఆర్‌సీఏ2 13వ దాని మీద ఉంటాయి. ఇవి ఆడామగా అందరిలోనూ ఉండేవే. తండ్రికి వాటిలో ఒకదాంట్లో లోపం ఉంటే, కొడుక్కైనా కూతురికైనా అది వచ్చే అవకాశం సగానికి సగం. మగవాళ్లలో జబ్బు బయటపడేది తక్కువ కాబట్టి ఎవరి కంటా పడదు, అంతే.

ఆపరేషన్, కీమో అందరికీ అయినట్టే అయ్యాయి. జన్యు పరీక్ష రిపోర్టు వచ్చిన రాత్రి మాత్రం మర్చిపోలేను. "బీఆర్‌సీఏ1, పాథోజెనిక్" అని ఉంది, అంటే జబ్బు తెచ్చే లోపమని. పక్కనే పడుకున్న కూతుర్ని చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను.

మర్నాడు జెనెటిక్ కౌన్సెలర్ మూడు తరాల వంశవృక్షం గీసి ఓపిగ్గా చెప్పారు. ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. పాథోజెనిక్, లైక్లీ పాథోజెనిక్ అని ఉంటేనే దాన్నిబట్టి నిర్ణయాలు తీసుకోవాలి. వీయూఎస్ అంటే ఇంకా తేలలేదని, దాన్ని చూసి అండాశయాలు తీయించుకోకూడదు. జన్యువుని అక్షరం అక్షరం చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో పెద్ద ముక్క ఎగిరిపోయినా దొరక్కపోవచ్చు, అలాంటివి పట్టే ఎమ్‌ఎల్‌పీఏ పరీక్ష కూడా చేశారా అని అడగాలి.

నాకు ఊపిరి పోసింది ఇంకో విషయం. అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం న్యూయార్క్‌లోని యూదు కుటుంబాల్లో చేసి 2003లో వెలువరించిన పరిశోధన అది. ఈ లోపం ఉండి 1940కి ముందు పుట్టినవాళ్లలో 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు 24 శాతం, తర్వాత పుట్టినవాళ్లలో 67 శాతం. జన్యువులు అవే, మారింది బతుకుతీరు. చిన్నవయసులో ఒళ్లు వంచి ఆడినవాళ్లకి, బరువు పెరగనివాళ్లకి జబ్బు ఆలస్యంగా వచ్చింది.

ఎందుకంటే తెగిన డీఎన్‌ఏని అతకడం ఈ జన్యువు పని. అతికే చెయ్యి ముందే బలహీనంగా ఉన్నచోట తెగేవి పెరిగితే కష్టం. కొవ్వు పెరిగితే లెప్టిన్, ఇన్సులిన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, కొవ్వులోని ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని తయారుచేస్తుంది. లోపం ఉన్నవాళ్లలో బరువు ఎక్కువైనకొద్దీ రొమ్ము కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం ఎక్కువని 2023లో చూపించారు. ల్యాబ్‌లో మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు ఆ దెబ్బని తగ్గించింది, కానీ దయచేసి సొంతంగా కొని మింగకండి.

మన దేశంవాళ్లం సన్నగా కనిపించినా పొట్ట ఉంటుంది. ఆడవాళ్లకి నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 శాతం నుంచే జాగ్రత్తపడాలి. అయితే నడక ఎమ్ఆర్ఐకి బదులు కాదు. లోపం ఉందని తేలితే 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎమ్ఆర్ఐ, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా.

మేనత్త కూతురికి ఫోన్ చేశాను. "వదినా, నా రిపోర్టులో ఉన్న ఆ ఒక్క మార్పు నీకుందో లేదో చూస్తే చాలు, ఖర్చూ తక్కువే" అని చెప్పాను. దసరాకి వస్తానంది. రిపోర్టు జిరాక్స్ తీసి దేవుడి గూట్లో పెట్టాను.