కాలేజీ మూతపడే దశలో బయటికొచ్చాను: జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ కోసం తిరిగిన నా అనుభవం

హన్మకొండ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 2012 నుంచి 2023 దాకా మెకానికల్ చెప్పాను. చేరిన కొత్తలో క్లాసుకి అరవై మంది ఉండేవాళ్లు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక దాని మీదే నడిచిన కాలేజీల్లో మాదీ ఒకటి. కాగితం మీద లాభాపేక్ష లేని సొసైటీ, నడిపింది మాత్రం వ్యాపారంలా. పిల్లలంతా కంప్యూటర్ సైన్స్ అంటూ, అది కూడా హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీలే కావాలంటూ వెళ్లిపోవడంతో మా బ్రాంచ్‌లో చివరి బ్యాచ్‌కి తొమ్మిది మందే మిగిలారు.

ఎండాకాలం మాకు సెలవులు ఉండేవి కావు. పరకాల, ములుగు, నర్సంపేట వైపు ఊళ్లు తిరిగి తలా ఐదు అడ్మిషన్లు తేవాలి, లేకపోతే జీతం ఆపేస్తారు. ఒక ఇంట్లో ఆ తల్లి మంచినీళ్లిచ్చి "సార్, మా బిడ్డకి జాబ్ వస్తదా?" అని అడిగింది. నాకే నాలుగు నెలలుగా జీతం లేదు. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను, ఆ రోజే రాజీనామా రాసుకున్నా.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజే తీసుకుని పెట్టుకున్నారు. "నాకు రావాల్సిందేమీ లేదు" అని సంతకం పెడితేనే ఇస్తామన్నారు. దయచేసి ఎవరూ ఆ కాగితం మీద సంతకం పెట్టకండి, నేను పెట్టలేదు. సర్టిఫికెట్లు ఇవ్వమని, ఏ నెల జీతం ఎంత బాకీ ఉందో రాసి రిజిస్టర్ పోస్టులో పంపి, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకున్నా. మూడు వారాలకి సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. జీతం మాత్రం "ప్రభుత్వం నుంచి ఫీజు బకాయిలు రాగానే" అన్నారు.

పీఎఫ్‌లో కాలేజీ వాళ్లు నేను మానేసిన తేదీ ఎక్కించలేదు, అది లేకపోతే మొత్తం డబ్బు తీసుకోలేం. చివరి చందా పడ్డాక రెండు నెలలు ఆగితే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) పోర్టల్‌లో మనమే ఆ తేదీ పెట్టుకోవచ్చు, ఆధార్‌కి లింకైన ఫోన్ ఉంటే చాలు. అలాగే చేశాను.

గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు, దాని సంగతి మాలో చాలామందికి తెలియదు. మనం టీచర్లం, మనకెక్కడిదిలే అనుకుంటాం. లేబర్ ఆఫీసులో ఒకాయన చెప్తేనే నాకూ తెలిసింది: 2009లో గ్రాట్యుటీ చట్టం సవరించి టీచర్లని కూడా చేర్చారు, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు స్కూళ్ల వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్తే 2022లో కోర్టు ఆ సవరణ సరైనదే అంది. నా చివరి బేసిక్ 15,600. నెలకి 26 పనిదినాలు, ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం లెక్కన దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 9,000, పదకొండేళ్లకి 99,000 రూపాయలు. ముందు కాలేజీకి గ్రాట్యుటీ ఇవ్వమని అడిగే ఫారం-ఐ ఇచ్చాను, ముప్పై రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు దాన్ని ఇప్పించమని లేబర్ ఆఫీసులో ఫారం-ఎన్ వేశాను. మొదటి వాయిదాకి కాలేజీ నుంచి ఎవరూ రాలేదు, రెండోసారి చెక్కుతో వచ్చారు.

నాలుగు నెలల జీతంలో రెండు నెలలది ఇంకా రావాలి. నాతో పాటు పనిచేసిన ల్యాబ్ అసిస్టెంట్ మేడమ్‌కి తొమ్మిదేళ్ల సర్వీసుంది, ఆమె ఇంకా ఏమీ అడగలేదు, భయం. ఫారం నింపి ఉంచాను, సోమవారం ఆమెని తీసుకుని వెళ్తున్నా.