బాపు చెవికి అక్షరాల తోడు

మా బాపు వరంగల్ ఆజంజాహి మిల్లులో, స్పిన్నింగ్ విభాగంలో 24 ఏళ్లు పనిచేశాడు. 1934లో నిజాం పాలనలో మొదలై, వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది గానీ, అందులోని యంత్రాల చప్పుడు బాపు చెవులకు చేసిన నష్టం మాత్రం వయసుతోపాటు పెరుగుతూ వచ్చింది. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో ఏళ్ల తరబడి రోజుకు ఎనిమిది గంటలు నిలబడిన మనిషికి వినికిడి తగ్గడం వింత కాదు. ఆ రోజుల్లో చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా ఎవరూ ఇవ్వలేదని బాపు చెబుతుంటాడు.

"ఇనబడుతది బిడ్డా, గని సమజైతలేదు" అని ఆయన అన్నప్పుడు చాలాకాలం నాకు అర్థం కాలేదు. తర్వాత చెవుల డాక్టరు వివరించారు. చప్పుడు వల్లా, వయసు వల్లా వచ్చే చెవుడు ముందుగా కీచుమనే సన్నని ధ్వనులనే తీసుకుపోతుంది. అచ్చుల ధ్వని మిగులుతుంది. త, క, స, ష వంటి హల్లుల పదును పోతుంది. అందువల్ల పాలు, తాలు, కాలు అనే మూడు మాటలూ బాపు చెవికి ఒక్కలాగే చేరతాయి. మనం గట్టిగా అరిచినా అచ్చులే పెద్దవవుతాయి తప్ప హల్లులు తిరిగి రావు. చెవి మిషను కొన్నాం. నలుగురున్న చోట అది పక్కవాళ్ల మాటలనూ, ఫ్యాను చప్పుడునూ కూడా పెంచి వినిపిస్తున్నదని, ఆరు నెలల తర్వాత దాన్ని బీరువాలో పెట్టేశాడు.

ఆ తర్వాత ఆయన క్రమంగా మాటల్లోంచి తప్పుకున్నాడు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు. లేబర్ కాలనీలో పాత మిల్లు మనుషులు సాయంత్రం పూట కూర్చునే అరుగు దగ్గరికీ పోవడం తగ్గించాడు. ఎవరేమన్నా తల ఊపేవాడు. రెండోసారి అడిగితే విసుక్కుంటారన్న మొహమాటమే దానికి కారణమని మేము ఆలస్యంగా గుర్తించాం. ముసలితనంలో మనిషిని కుంగదీసేది ఈ అడగవలసి రావడమేనని నేను నమ్ముతున్నాను. చీటీలో ఏముందో అడగాలి, గోలీ ఏదో అడగాలి, ఫోనుకు వచ్చిన మెసేజీ ఏమిటో అడగాలి. అడిగిన ప్రతిసారీ ఎదుటివాళ్ల ముఖం చూడాలి. కృత్రిమ మేధ గురించి పెద్ద పెద్ద మాటలు వింటున్నాం గానీ, మా ఇంట్లో అది చేసిన మేలు ఈ అడిగే భారాన్ని కొంత తగ్గించడమే.

మాట్లాడుతున్న మాటను అప్పటికప్పుడు అక్షరాలుగా మార్చి ఫోను తెర మీద చూపే యాప్‌లు ఉన్నాయి. గూగుల్ సంస్థ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వాటిలో ఒకటి, తెలుగులోనూ పనిచేస్తుంది. ఇలాంటి యాప్ ఒకదాన్ని మా అబ్బాయి బాపు ఫోనులో వేసి, అక్షరాలను బాగా పెద్దవి చేసి, చాప మీద ఆయన ముందు పెట్టాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి "అన్నం తింటవా, ఇంకింతసేపు ఆగుతవా?" అని అడిగింది. బాపు తెర వైపు చూసి, అమ్మ వైపు చూసి, "ఆగుత" అన్నాడు. ఆమె ఒక్కసారే అడిగింది. ఈ చిన్న సంగతిని ఇంతగా రాయడానికి కారణం, అంతకుముందు కొన్నేళ్లుగా మా ఇంట్లో ఏ ప్రశ్నా ఒక్కసారితో ముగియకపోవడం.

లోపాలు లేవని కాదు. ఇలాంటి యాప్‌లు విన్న ధ్వనికి, ముందు వెనుక మాటలకు ఎక్కువగా సరిపోయే పదం ఏదో అంచనా వేసి రాస్తాయి. అవి నేర్చుకున్న తెలుగులో పుస్తకాల భాష, వార్తల భాష ఎక్కువ కాబట్టి మన వైపు మాట వచ్చినప్పుడు తడబడతాయి. ఒకసారి మా మేనత్త ఒంట్లో బాగా లేదని చెప్పడానికి "పానం మంచిగ లేదు" అంటే తెర మీద "పానీయం మంచిగా లేదు" అని పడింది. ఇంట్లో అయితే సర్దుకుంటాం గానీ, ఆసుపత్రిలో డాక్టరు ముందు ఇదే జరిగితే ప్రమాదం. యంత్రాలకు మన దేశ భాషలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి కార్యక్రమంలో భాషాదాన్ అనే విభాగం ఉంది. అందులో ఎవరైనా తమ గొంతుతో వాక్యాలు చదివి ఇవ్వవచ్చు. ఆ వాక్యాలు రాత భాషలోనే ఉన్నా, చదివే గొంతు, యాస మనవే అవుతాయి. హన్మకొండ, జనగామ, ములుగు, పరకాల వైపు పెద్దల గొంతులు అందులో ఎంత ఎక్కువ చేరితే, రేపటి యంత్రం మన పెద్దల మాటను అంత బాగా పట్టుకుంటుంది. నేను నా గొంతు ఇచ్చాను. అమ్మ చేత కూడా చదివించాను.

అమ్మ అవసరం వేరు. ఆమె ఐదో తరగతి వరకు తెలుగులో చదువుకుంది. బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంది. రెండు పట్టీలూ వెండి రంగువే, వాటి మీది పేర్లు సన్నని ఇంగ్లీషు అక్షరాలు. ఇప్పుడు పట్టీని ఫోటో తీసి "ఇది దేని గోలీ?" అని నోటితోనే అడుగుతుంది. గూగుల్ జెమినై వంటి కృత్రిమ మేధ యాప్‌లు 2024 నుంచి తెలుగులో మాట విని, తెలుగులోనే బదులు చెబుతున్నాయి. అయితే ఇక్కడ మేము ఒక గీత గీసుకున్నాం. పట్టీ మీద ఉన్నది చదవడం వరకే యంత్రం పని; ఎన్ని వేసుకోవాలి, దేనితో కలిపి వేసుకోవాలి అన్నది డాక్టరు చెప్పవలసిందే. జలుబు గోలీల్లో కొన్నింటిలో ఉండే, ముక్కు దిబ్బడ తగ్గించే మందు బీపీని పెంచుతుంది. అటువంటి సంగతులు అమ్మ ఆరోగ్యం తెలిసిన మనిషి చూడాలి. చదవడంలోనూ పొరపాటు జరుగుతుంది. రంగు లేకుండా రేకు మీద ఒత్తిన గడువు తేదీని ఒక యాప్ ఒకసారి ఏడాది తేడాతో చదివింది. అప్పటినుంచి తేదీని వెలుతురులో రెండు ఫోటోలు తీసి చూస్తాం, అనుమానముంటే మెడికల్ షాపులో అడుగుతాం.

బాపుకు వచ్చేది ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) పింఛను. ఏడాదికొకసారి బతికే ఉన్నానని ధ్రువపత్రం ఇవ్వాలి. ఏళ్ల తరబడి దారం ఒరుసుకున్న వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర యంత్రం ముందు నాలుగైదు సార్లు వేలు తుడిచి పెట్టినా పట్టేది కాదు. 2022 నుంచి ఈపీఎఫ్ పింఛనుదారులు ముఖం చూపి జీవన్ ప్రమాణ్ పత్రం ఇచ్చే వీలు వచ్చింది. కెమెరా ముందు కూర్చుని, చెప్పినప్పుడు కంటి రెప్ప ఆర్పితే, ఆధార్‌లోని ఫోటోతో పోల్చి యంత్రం మనిషిని గుర్తుపడుతుంది. పోయిన ఏడాది బాపు మా అరుగు మీద కూర్చునే ఆ పని ముగించాడు.

ఇదే పరిజ్ఞానం దొంగల చేతిలోనూ ఉన్నదని పెద్దలకు చెప్పడం మన బాధ్యత. మనుమడి గొంతును అనుకరించి డబ్బు అడగవచ్చు; పోలీసులమంటూ వీడియోలో కనిపించి, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించవచ్చు. చట్టంలో అటువంటి అరెస్టు లేదు. మా ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకున్నాం. డబ్బు మాట ఎత్తినవాళ్లు అది చెప్పాలి. మోసపోయామని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని గోడ మీద పెద్ద అంకెల్లో రాసి అంటించాను.

నేర్పే తీరు గురించి ఒక మాట చెప్పాలి. మన పిల్లలు "ఇటు తే తాతా" అంటూ ఫోను లాక్కుని, క్షణంలో చేసేసి తిరిగి ఇస్తారు. దానివల్ల పని అవుతుంది గానీ పెద్దలకు ఏమీ రాదు. ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి, వేలు వాళ్లదే కదలాలి. మేము ఒక్క యాప్‌తో మూడు వారాలు గడిపి, అది అలవాటయ్యాకే రెండోది మొదలుపెట్టాం.

ముసలివాళ్ల చేతిలో ఫోను పెట్టి మనం తప్పుకుంటామేమో అన్న భయం నాకు మొదట ఉండేది. మా ఇంట్లో జరిగింది వేరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తెర మీది అక్షరాలు కలగాపులగం అవుతాయి కాబట్టి, అందరం ఒకరి తర్వాత ఒకరం, బాపు వైపు తిరిగి, నిదానంగా మాట్లాడడం నేర్చుకున్నాం. యాప్ లేకపోయినా మేము చేయవలసి ఉండిన పని అది, చేయలేదు.

మొన్న ఆదివారం నర్సంపేట నుంచి చిన్నాయన వచ్చాడు. ఎప్పటిలాగే బాపు చెవి దగ్గరికి వంగి అరవబోయాడు. బాపు చేయి అడ్డం పెట్టి, లోపలికి వెళ్లి తన ఫోను తానే తెచ్చుకుని, ఇద్దరి నడుమ చాప మీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని అన్నాడు: "ఇగ చెప్పు తమ్మీ, పత్తి ఎట్లున్నది?"