చెత్త బండి టైము

2018 సెప్టెంబర్ 20, గురువారం, ఫ్రెస్నో, కాలిఫోర్నియా

ఇవాళ మా యూనివర్సిటీ డైనింగ్ హాల్లో పది చెత్త సంచులు మోశాను. కొత్తగా చేరినవాళ్లకి ముందు దక్కేది ఆ పనే. పదో సంచి అడుగు చిరిగి, జ్యూసో సూపో తెలియని నీళ్లు ప్యాంటు మీదుగా బూటులోకి దిగాయి. ఎంత కడిగినా వాసన పోలేదు. షిఫ్టు అయ్యాక ఆ కంపుతో లైబ్రరీలో నలుగురి మధ్య కూర్చోబుద్ధి కాలేదు. అందుకే బయట పీస్ గార్డెన్‌లో, అదే విగ్రహాలున్న తోటలో, చతికిలబడ్డాను. రోజూ క్లాసుకి పరిగెత్తే దారే, కానీ అక్కడ కూర్చోవడం ఇవాళే.

గాంధీ గారిని వచ్చిన వారంలోనే చూసేశాం. 1990లో ఆయన విగ్రహంతోనే ఈ తోట మొదలైంది. మా బ్యాచ్ అంతా ఫోటో దిగి ఇళ్లకి పంపాం, నాన్న స్టేటస్ కూడా పెట్టుకున్నారు. గుంటూరులో గాంధీ బొమ్మ ముందు నేను ఒక్కసారైనా ఆగిన గుర్తు లేదు, అది వేరే సంగతి. మార్టిన్ లూథర్ కింగ్ ఎలాగూ తెలుసు. సీజర్ చావెజ్ పేరు మాత్రం ఇక్కడికొచ్చాకే విన్నాను. ఆయన పొలం కూలీల నాయకుడు. 1965లో ఇక్కడికి దక్షిణాన ఉన్న డెలానోలో ద్రాక్ష తోటల సమ్మె మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు. ఎనిమిది రోజులకి ఈయన సంఘం వాళ్లతో కలిసింది. ఆ పోరాటం ఐదేళ్లు సాగింది. ఇప్పటికీ ఊరు దాటితే సాళ్ల మధ్య కాగితాలు పరిచి ద్రాక్ష ఎండబెడుతుంటారు, మా వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోసినట్టే.

నాలుగో విగ్రహం ఒకావిడది. జేన్ ఆడమ్స్. ఎవరో అసలు తెలియదు. ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. 1889లో షికాగోలో వలస కూలీల పేటలో ఇల్లు తీసుకుని స్నేహితురాలితో కలిసి అక్కడే ఉండిపోయింది. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, అమెరికా ఆడవాళ్లలో మొదట ఈమెకే. సరే, గొప్ప మనిషే అనుకుంటూ కిందికి జరుపుతుంటే చెత్త సంగతి కనపడింది.

ఆ పేటలో చెత్త ఎత్తేవాళ్లు లేక పిల్లలు జబ్బు పడుతుంటే, ఆ కాంట్రాక్టు నాకే ఇవ్వండని ఈవిడ టెండర్ వేసిందట! ఏదో సాంకేతిక కారణం చూపి దాన్ని తోసేశారు. గోల మాత్రం గట్టిగానే అయింది. చివరికి 1895లో మేయర్ ఆవిణ్ణే చెత్త ఇన్‌స్పెక్టర్‌గా వేశాడు, ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం. పొద్దున్నే ఆరింటికి లేచి చెత్త బండ్ల వెంట పడేది. ఒక సందులో తవ్వించగా తవ్వించగా అడుగున్నర చెత్త కింద ఎప్పుడో వేసిన రోడ్డు బయటపడింది.

అడుగున్నర! నేను మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాను.

అంతలో అమ్మ వీడియో కాల్. ఇక్కడ సాయంత్రం ఆరుంపావు అంటే గుంటూరులో తెల్లారి ఆరూ నలభై ఐదు. "ఏం తిన్నావు నాన్నా" అని అడుగుతుండగానే వీధిలో ఈల వినపడింది. "ఉండు, చెత్త బండి వచ్చేసింది" అని ఫోన్ గ్యాస్ బండ మీద ఆనించి రెండు బకెట్లతో పరిగెత్తింది. నాకు వంటింటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను. దూరంగా ఆ బండి ఆవిడతో అమ్మ మాటలు. తడి చెత్తలో కవరు ఎందుకు వేశారని ఆవిడే అమ్మని కోప్పడుతోంది.

అమ్మ ఆయాసపడుతూ తిరిగొచ్చింది. "నీ వెనకాల ఆ బొమ్మ ఎవరిది?"

"చెత్త ఇన్‌స్పెక్టర్‌ది."

"పొద్దున్నే వెటకారమా! అది సరే గానీ, లైబ్రరీలో పని ఎలా ఉంది?"

వాళ్లకి అలాగే చెప్పాను మరి, లైబ్రరీలో పని అని.

"బానే ఉందమ్మా" అన్నాను. బూటులో ఇంకా తడే.