చెంబులో గుప్పెడు బియ్యం

అలిపిరి మెట్లు 3,550. 2018లో మొక్కు తీర్చుకుందామని బయలుదేరి, గాలిగోపురం చేరకముందే కూలబడ్డాను. అప్పటికి ఏడాదిగా రాత్రిళ్లు ఊపిరాడక లేచి కూర్చుంటున్నాను. ఒక క్లినిక్‌లో ఉబ్బసమని ఆరు నెలలు మందులిచ్చారు. గుండెకు ఎకో స్కాన్ తీశాకగానీ అసలు సంగతి తెలియలేదు. గుండెలో రక్తం దాటి వెళ్లే తలుపులాంటి మైట్రల్ వాల్వు మూసుకుపోతోంది.

“ఈ వాల్వు నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్ల వరకు తెరుచుకోవాలమ్మా. మీది 0.8 ఉంది. కాజాలా అయిపోయింది” అన్నారు డాక్టరు. నేను జాకెట్లు కుట్టి బతుకుతానని ఆవిడకు తెలియదు. పన్నెండేళ్లుగా కాజాలు కుడుతున్నాను. బట్టను సన్నగా చీల్చి, అంచు చుట్టూ దారం బిగించుకుంటూ వస్తే చివరికి హుక్కు మాత్రమే దూరే సందు మిగులుతుంది. ఒంట్లో రక్తమంతా అంత సందులోంచి పోవాలంటే మెట్ల మీద ఊపిరి ఎలా అందుతుంది?

చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చి, ఆ వెనుకే మోకాళ్లు వాచాయి. పసరు పట్టు వేస్తే తగ్గిపోయిందనుకున్నాం. అది రుమాటిక్ జ్వరమట. కీళ్లను వదిలి గుండెను పట్టుకుంది. వాల్వు మీద సున్నం పేరుకుపోవడంతో బెలూన్‌తో తెరవడం కుదరదన్నారు, మార్చాల్సిందే. ఖర్చు 2,30,000 రూపాయలు.

2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది కదా అని అందరూ అడిగారు. దానికి అప్పట్లో రేషన్ కార్డులో పేరుండాలి. పెళ్లయ్యాక పుట్టింటి రేషన్ కార్డులోంచి నా పేరు తీయించారు. అత్తింటి కార్డులో ఎక్కించలేదు. తీయించడానికి ఒక్క రోజు పట్టింది, ఎక్కించడానికి తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టినా, డాక్టర్లు అంతకాలం ఆగవద్దన్నారు. గొలుసు తాకట్టు పెడితే 60,000 వచ్చింది.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ కూతురు ఇంటర్నెట్‌లో విరాళాలు అడుగుదామంది. వాట్సీ అనే సంస్థ గురించి చెప్పింది. కోస్టారికాలో బస్సెక్కిన ఒక తల్లి కొడుకు వైద్యం కోసం ప్రయాణికులను డబ్బు అడగడం చూసి, చేజ్ ఆడమ్ అనే అమెరికా యువకుడు 2012లో దాన్ని మొదలుపెట్టాడట. అప్పుడు బస్సు దాటుతున్న ఊరి పేరే సంస్థకు పెట్టాడట. నేను ఒప్పుకోలేదు. ఒకరి ముందు చేయి చాచిన ఇల్లు కాదు మాది.

నన్ను ఒప్పించింది మా అత్త. “తిరుమల శనివారాలకు నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని, గోవిందా అంటూ ఇంటింటికీ పోతాం కదమ్మా. ఇంట్లో బియ్యం లేకనా? అందరి చేతి గుప్పెడూ పడాలని. ఇదీ అంతే అనుకో” అంది.

ఫోటో దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఎవరో మంచం మీద పడుకుని తీయించుకోమన్నారు, కళ్లలో నీళ్లుంటే ఇంకా మంచిదన్నారు. నేను మెషీన్ ముందు కూర్చుని తీయించుకున్నాను. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే వెళ్లాలని, ప్రతి రసీదూ అందరికీ చూపాలని షరతు పెట్టాను. ఇవ్వడానికి మనసున్నవాళ్లకు నా ఏడుపు చూపించాల్సిన పని లేదని అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

పంతొమ్మిది రోజుల్లో 1,70,000 నిండింది. 163 మంది ఇచ్చారు. వాళ్లందరి పేర్లూ కొలతలు రాసుకునే నోటు పుస్తకంలోనే రాసుకున్నాను. ఛాతీ, నడుము, చేతి పొడవుల తర్వాతి పేజీలో ఒకరు 11 రూపాయలు, ఒకరు 5,000, పేరు చెప్పనివారు 200.

ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. ఐసీయూలో దాహం మాత్రం బాగా గుర్తుంది. తడి దూది పెదాలకు అద్దిన నర్సమ్మ చేయి కూడా. మూడు నెలలు మెషీన్ తొక్కలేదు.

వార్డులో నా పక్క మంచం మీద పలమనేరు వైపు పెద్దాయన ఉండేవారు. ఆయనదీ వాల్వు జబ్బే. ఆయన తరఫున రాసిపెట్టేవాళ్లు లేరు, మంచి ఫోటో లేదు. డబ్బు అందక రెండుసార్లు ఆపరేషన్ వాయిదా పడి ఇంటికి వెళ్లిపోయారు. నాకు దొరికిన 163 మంది ఆయనకు ఎందుకు దొరకలేదన్నది నన్ను ఈనాటికీ వదలలేదు.

నాది లోహపు వాల్వు. రాత్రి ఇల్లు సద్దుమణిగితే టిక్కు టిక్కుమని నాకే వినిపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ అనే లెక్క రెండున్నరకు, మూడున్నరకు మధ్య ఉండాలన్నారు. ఆకుకూర ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ తిన్నా లెక్క తప్పుతుంది. అందుకే నెలనెలా పరీక్షకు వెళ్తాను.

పోయిన నెల ఆ వరుసలోనే మదనపల్లె నుంచి వచ్చిన ఒకాయన తన భార్య రిపోర్టులు పట్టుకుని, ఎలా అడగాలో తెలియడం లేదన్నారు. బల్ల మీద కూర్చుని నా నోటు పుస్తకంలో కొత్త పేజీ తీశాను.

“మీ ఆవిడ ఏ పని చేస్తారు?” అని అడిగాను.

“పట్టుపురుగులు పెంచుతుందమ్మా. తెల్లవారుజామునే లేచి ఆకు కోస్తుంది” అన్నారు.

అదే మొదటి వాక్యంగా రాశాను.