కొబ్బరి రాశి ముందు ర్యాప్ పాట

ఆదివారం. రాత్రి 11 దాటింది.

పొద్దున 6 గంటలకల్లా అంబాజీపేట దగ్గర కొబ్బరి షెడ్డుకి చేరాం. క్లాసు ప్రాజెక్ట్‌గా ఒక పాటకి వీడియో తీస్తున్నాం, దానికి ఇదే మొదటి షూటింగ్. పాట ర్యాప్. రాసిందీ పాడిందీ మా వాడే. వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీస్తారు, పాటంతా ఆయన గురించే.

వీడియోతో పాటు రెండు పేజీలు రాసివ్వాలని సార్ ముందే చెప్పారు. మీ జానర్‌కి, అంటే మీ పాట రకానికి, ఏ కన్వెన్షన్లు (అందరూ అలవాటుగా వాడే పద్ధతులు) ఉన్నాయి, వాటిలో ఏవి వాడారు, ఎందుకు వాడారు అని. అందుకే వారం నుంచి ర్యాప్ వీడియోలు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాం. పాడేవాడు నేరుగా కెమెరాలోకి చూస్తాడు. కెమెరా కింద నుంచి పైకి చూస్తుంది. వెనకాల వాడి మనుషులు గుంపుగా నిలబడతారు. వాడి వీధి కనిపిస్తుంది, వాడి దగ్గరున్న విలువైన వస్తువు కనిపిస్తుంది, గొలుసో కారో. ఒంటి మీద హూడీ.

మొదటి గంట అన్నీ అలాగే తీశాం. ఫోన్లో చూసుకుంటే ఒక్క షాట్ కూడా మనసుకి పట్టలేదు. వెలుగు బాగుంది, పెదాలు పాటతో కలిశాయి. కానీ మా వాడు ఎక్కడి నుంచో వచ్చి కొబ్బరి రాశి ముందు ఫొటో దిగుతున్నట్టున్నాడు. చిన్నప్పటి నుంచి వాడు తిరిగిన చోటది!

టీ తాగుతూ మళ్లీ నోట్‌బుక్ తీశాను. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో జరిగిన పార్టీతో, ర్యాప్ పుట్టిన హిప్ హాప్ మొదలైందని చెబుతారు. కూల్ హెర్క్ అనే కుర్రాడు రికార్డులు వాయించాడు. బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు పోగవుతాయని వాళ్ల చెల్లెలు పెట్టిన పార్టీ అది. ఈ ముక్క చదివినప్పటి నుంచి నాకు హూడీ కంటే ఆ బడి బట్టలే గుర్తొస్తున్నాయి. వీధిని చూపించడం అంటే ఇది నా చోటు అనడం. గుంపు అంటే నా వెనక వీళ్లున్నారనడం. గొలుసు అంటే నా దగ్గర ఇది ఉందనడం. మేం ఆ మాట వదిలేసి దాని బట్టలు మాత్రం తెచ్చుకున్నాం.

హూడీ తీసేయమన్నాను. చేతికి గొలుసు బదులు వాళ్ల నాన్న చెట్టెక్కేటప్పుడు కాళ్లకి వేసుకునే తాడు ఇచ్చాం. వెనకాల మా క్లాసు వాళ్లని తీసేసి ఒలుపు పనివాళ్లని నిలబడమని అడిగాం.

"ఉత్తినే నిలబడమంటే మా వల్ల కాదు బాబూ. ఒలుస్తా ఉంటాం, మీరు తీసుకోండి" అన్నారు పెద్దాయన.

ఆ షాట్ ఎంత బాగా వచ్చిందో! మా పాట నిమిషానికి 90 బీట్లు. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన బీటుకి దాదాపు 17 ఫ్రేములు. కాయ ఇనుప మొన మీద పడే దెబ్బ చాలాసార్లు బీటు మీదే పడింది. స్పీకర్లో పాట వింటూ వాళ్ల చేతులే దాన్ని పట్టుకున్నాయనుకుంటాను.

స్లో మోషన్ మాత్రం కుదరలేదు. సినిమా పాటల్లో అయితే సెట్‌లో పాటని రెట్టింపు వేగంతో పెట్టి, 50 ఫ్రేముల్లో తీసి నెమ్మది చేస్తారు, అప్పుడు పెదాలు కలుస్తాయి. ర్యాప్‌ని ఆ వేగంలో పలకడం ఎవరి తరం? పెదాలు కనిపించని చోట్లకే దాన్ని ఉంచుకున్నాం. షెడ్డు లోపల ట్యూబ్‌లైట్ల కింద కెమెరా షట్టర్ వేగం చూసుకోక వీడియోలో చారలు వచ్చేశాయి. సెకనులో 50వ వంతుకి మార్చి మళ్లీ తీశాం.

మధ్యాహ్నం వాళ్ల నాన్న భోజనానికొచ్చారు. చెట్టుని కరుచుకుని ఎక్కీ ఎక్కీ ఆయన గుండెల మీద కాయలు కాశాయి. రెండో చరణంలో సరిగ్గా ఆ లైనే ఉంది. ఒక్క క్లోజప్ ఇవ్వమని అడిగాను. ఆయన చొక్కా గుండీ పెట్టుకున్నారు.

"పాటలో వాడు చెప్పాడు కదమ్మా, మళ్లీ చూపించడం ఎందుకు?" అన్నారు.

అడిగినందుకు సిగ్గేసింది. పైగా ఆయన అన్నది నిజం కూడా. మాట చెప్పిన దాన్నే బొమ్మ మళ్లీ చెబితే రెండూ పలచబడతాయి. నేను రాయాల్సిన రెండు పేజీల్లో ఈ మాట ఉండాలి, ఆయన అన్నారనే రాస్తాను.

ఇప్పటికి పల్లవి, మొదటి చరణం ఎడిట్ అయ్యాయి. ఆ లైను దగ్గర ఏం పెట్టాలో తెలియడం లేదు. గాలికి ఊగే మట్టలు పెట్టి చూశాను, తీసేశాను. టైమ్‌లైన్‌లో ఆ నాలుగు బీట్లు ఖాళీగా ఉన్నాయి. రేపు తెల్లవారుజామునే ఆయనకి దింపు ఉందట. మా వాడు తాడు తిరిగిచ్చేశానని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు.