బొంత, సూది, పెరిగిన ఒక అంకె

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ప్రతిదేహం (యాంటీబాడీ) తన ప్రతిజనకాన్ని, అంటే తాను గుర్తుపట్టే పరాయి పదార్థాన్ని, తాళానికి తాళంచెవిలా పడుతుందని ఏళ్ల తరబడి చెప్పాను; ఆ పాఠంలో సగమే ఉందని నా ముక్కు వల్ల తెలిసింది.

తెల్లవారుజామున ఆగని తుమ్ములు, చలికాలంలో పిల్లికూతలు. మొదట వెళ్లిన చోట నెత్తురు తీసుకుని, ఆహార పదార్థాలకు ఐజీజీ అనే రకం ప్రతిదేహాల పట్టిక చేతిలో పెట్టి, అన్నం, గుడ్డు, పెసరపప్పు మానమన్నారు. నాలుగు నెలలు జొన్నరొట్టెతో గడిపాను. బరువు తగ్గింది గాని తుమ్ములు తగ్గలేదు. తిన్నవాటికి ఐజీజీ పుట్టడం మామూలేనని, అది అలర్జీకి గుర్తు కాదని నాకు ముందే తట్టవలసింది. ఈ సంగతి స్టాఫ్‌రూంలో ఎవరికీ చెప్పలేదు.

తరువాత చూసిన ఛాతీ వైద్యుడు తుమ్ముల మాత్రలు వారం రోజులు ఆపించి, ముంజేతిపై అలర్జీ తెప్పించే పదార్థాల చుక్కలు, పోల్చడానికి ఒక ఉప్పునీటి చుక్క వరుసగా పెట్టి, ఒక్కోదాని గుండా చర్మాన్ని సన్నగా గుచ్చారు. పదిహేను నిమిషాలకు ఉప్పునీటి చుక్క దగ్గర ఏమీ లేదు. ఇంటి దుమ్ములో బతికే నల్లి (డస్ట్ మైట్; మంచాల్లో ఉండే నల్లి కాదు) చుక్క దగ్గర 8 మిల్లీమీటర్ల దద్దు లేచింది. 3 గాని అంతకు మించి గాని ఉంటేనే లెక్కలోకి వస్తుంది. మన మిర్చి రైతులను ఏడిపించే తెల్లనల్లికి ఇది దూరపు చుట్టం. ముఖ్యంగా దీని మలంలోని ప్రోటీన్లే నాకు పడవు. పాత చీరలతో బొంత కుట్టిన మా అమ్మ నమ్మలేదు: "గిన్నేండ్లు కప్పుకున్న బొంతల ఇప్పుడు పురుగులచ్చినయా బిడ్డా?"

ఒంటికి అలవాటు చేయడానికి అదే నల్లి సారాన్ని వారం వారం మోతాదు పెంచుతూ సూదిగా ఇచ్చారు. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలి. నా చదువంతా ఆ అరగంటల్లోనే సాగింది. ప్రతిదేహాలను తయారు చేసే బి కణం, ప్రతిజనకాన్ని పట్టే కొసను జన్యువుల కలయికతో ముందే తయారు చేసుకుంటుంది. కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లయిన సైటోకైన్లలో ఏదీ ఆ ఆకారాన్ని గీయదు. అయితే లింఫు గ్రంథుల్లో ఆ జన్యువులు మళ్లీ మార్పులకు లోనవుతున్నప్పుడు, ప్రతిజనకాన్ని గట్టిగా పట్టిన కణానికే టి సహాయక కణాల తోడు, ఇంటర్‌ల్యూకిన్-21 వంటి సంకేతాలు ఎక్కువగా దక్కి, పట్టు సడలినవి రాలిపోతాయి. ఈ ఏరివేతలో సంకేతం మోతాదు మించినా చేటే: బి కణాలను బతికించే బాఫ్ అనే సంకేతం ఎక్కువైతే సొంత ఒంటినే పట్టే కణాలూ మిగిలిపోతాయి, ఒళ్లు తన మీద తానే తిరగబడే లూపస్ జబ్బులో ఆ బాఫ్‌ను అడ్డుకునే బెలిముమాబ్ మందుకు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. ఇక, పట్టే కొస మారకుండానే ప్రతిదేహపు తోక మారవచ్చు. ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే సంకేతాలు చెబితే అది అలర్జీ తెప్పించే ఐజీఈ రకం అవుతుంది. దానికి ఇంటర్‌ల్యూకిన్-10 తోడైతే మొగ్గు ఐజీజీలోనే ఒక రకమైన ఐజీజీ4 వైపు ఉంటుంది. పట్టేది అదే నల్లి ప్రోటీన్‌ను, కాని ఐజీఈ తుమ్ములు తెప్పించే హిస్టమిన్‌ను కణాల చేత కక్కిస్తుంది, ఐజీజీ4 ఆ ప్రోటీన్‌ను ఐజీఈకి అందకుండా ముందే పట్టేస్తుంది.

ఇంత చదివీ ఆరో నెల పరీక్షలో నల్లి ఐజీఈ తగ్గకపోగా పెరగడం చూసి వైద్యుడి మీద గొంతు లేపాను. "మొదట్ల పెరుగుతది సార్, దిగడానికి ఏండ్లు పడుతది. తుమ్ములెట్లున్నయో చెప్పుండ్రి," అన్నారాయన. ఆలోచిస్తే, ఆ నెలలో రెండుసార్లే మాత్ర వేసుకున్నాను.

ఇప్పుడు నెలకొక సూది. మూడేళ్ల చికిత్స పూర్తి కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. బొంతను అమ్మ పారేయనివ్వలేదు. వారానికోసారి కాగుతున్న నీళ్లలో దాన్ని తానే ముంచుతోంది.